రాసేశాను తాతా

నాలుగో సెమ్ డీబీఎంఎస్ మిడ్‌లో ఆసిడ్ ప్రాపర్టీస్ మీద ఐదు మార్కుల ప్రశ్న వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. అటామిసిటీ, కన్సిస్టెన్సీ, ఐసొలేషన్, డ్యూరబిలిటీ. నాలుగింటికీ తలా రెండు లైన్లు రాసి ఐదుకి ఐదు తెచ్చుకున్నాను. డ్యూరబిలిటీకి రాసింది ఇంకా గుర్తుంది: ఒకసారి కమిట్ అయిన డేటా, కరెంటు పోయినా పోదు.

అది రాసిన రెండు నెలలకి మా మావయ్య కొట్లో కరెంటు పోయింది. కమిట్ అయిన డేటా కూడా పోయింది.

మావయ్యది సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. యూరియా, డీఏపీ అమ్మకాలకి ఈ-పోస్ మిషన్ ఉంది. కానీ ఊళ్లో అసలు వ్యాపారమంతా అరువు మీదే నడుస్తుంది. పత్తి, మిర్చి వేసేటప్పుడు సరుకు తీసుకెళ్తారు, పంట అమ్మాక కడతారు. ఆ లెక్కంతా మావయ్య రెండు పుస్తకాల్లో రాస్తాడు. ఒకటి చిట్టా, ఇంకోటి ఆవర్జా. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం కాబట్టి, చిట్టా అనే మాట నాకు "నేరాల చిట్టా" అని టీవీ న్యూస్‌లో తప్ప తెలీదు. ఆవర్జా అయితే అసలు వినలేదు. మనిషి ఎదురుగా ఉండగానే, జరిగింది జరిగినట్టు వరసగా రాసేది చిట్టా. రాత్రి కొట్టు కట్టేశాక అందులోంచి ఎవరి ఖాతాలోకి వాళ్లది ఎక్కించేది ఆవర్జా.

సెలవుల్లో ఖాళీగా ఉన్నాను. "మావయ్యా, ఇదంతా కంప్యూటర్‌లో పెట్టేస్తాను" అన్నాను. కొట్లో పాత కంప్యూటర్ ఒకటి ఉంది, మామూలు హార్డ్ డిస్కుది. పైథాన్, ఎస్‌క్యూలైట్‌తో రెండు వారాల్లో ప్రోగ్రామ్ రాసేశాను. పనిచేసింది. కానీ బాగా నెమ్మది. పది ఐటమ్‌ల బిల్లు సేవ్ కొడితే రెండు సెకన్లు అలా ఆగిపోయేది. కౌంటర్ ముందు నలుగురు నిలబడి ఉన్నప్పుడు రెండు సెకన్లంటే చాలా ఎక్కువ. "నీ మిషన్ కంటే నా పెన్నే నయం అల్లుడూ" అని మావయ్య నవ్వేవాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

ఎందుకు నెమ్మదో ఇప్పుడు చెప్పగలను, అప్పుడు తెలీదు. ఆ డిస్కు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 120 సార్లు, ఒక్కో చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. నిజంగా పళ్లెం మీద రాయాలంటే హెడ్ సరైన చోటుకి జరగాలి, ఆ చోటు తిరిగి హెడ్ కిందకి రావాలి. ఎస్‌క్యూలైట్ ఒక్క కమిట్‌కి "ఇది నిజంగా రాయి, రాశాకే చెప్పు" అని డిస్కుని ఒకటికి రెండు మూడు సార్లు ఆపుతుంది. నేనేమో సేఫ్‌గా ఉంటుందని ప్రతి లైనుకీ ఒక కమిట్, స్టాక్ తగ్గించినప్పుడల్లా ఇంకో కమిట్ పెట్టాను. పది ఐటమ్‌లకి ఇరవై కమిట్‌లు. రెండు సెకన్లు పట్టదా మరి!

నేను ఇదంతా ఆలోచించలేదు. నెట్‌లో "ఎస్‌క్యూలైట్ స్లో" అని వెతికాను. రెండు మందులు దొరికాయి. మొదటిది విండోస్ డివైస్ మేనేజర్‌లో, డిస్కు ప్రాపర్టీస్, పాలసీస్ ట్యాబ్. అక్కడ రెండు చెక్‌బాక్సులుంటాయి. పైది రైట్ క్యాషింగ్ ఎనేబుల్ చేసేది, దానికి ముందే టిక్ ఉంది. కిందది బఫర్ ఫ్లషింగ్ ఆపేసేది. దాని పక్కనే వార్నింగ్ కూడా ఉంది: డిస్కుకి విడిగా పవర్ సప్లై ఉంటే తప్ప దీన్ని ముట్టుకోవద్దని. ముట్టుకున్నాను. రెండోది నా కోడ్‌లో ఒక్క లైను, ప్రాగ్మా సింక్రనస్ ఆఫ్. కరెంటు పోతే డేటాబేస్ పాడవ్వచ్చని ఎస్‌క్యూలైట్ డాక్యుమెంటేషన్‌లో దాని గురించి స్పష్టంగా రాసుంది. నేను ఆ పేజీ తెరవలేదు, జవాబులో ఉన్న లైను మాత్రం కాపీ చేసుకున్నాను.

ఎంటర్ కొట్టేలోపు బిల్లు సేవ్ అయిపోయింది. నిజంగా మ్యాజిక్‌లా అనిపించింది. ఆ రోజు నా అంత ఇంజినీర్ పల్నాడు జిల్లాలో లేడనుకున్నాను.

అంతవరకూ మావయ్య కంప్యూటర్‌లో నేను కొట్టిందంతా చిట్టాలో కూడా రాసుకుంటున్నాడు. "ఇంకా ఆ పుస్తకం ఎందుకు మావయ్యా, రెండుసార్లు పని" అని రోజూ పోరి పోరి మాన్పించాను. మానేసిన మూడో రోజు ఇది జరిగింది.

జూన్ నెల. మధ్యాహ్నం దాకా ఎండ దంచేసి, నాలుగింటికి గాలి మొదలైంది. కొట్లో జనం బాగానే ఉన్నారు. ఒక తాత వచ్చాడు. మాకు చుట్టం కాదు, ఊళ్లో పెద్దాయన, నేను తాతా అనే పిలుస్తాను. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి అమ్ముడుపోయిందని, పాత బాకీలో 18,000 కట్టడానికి వచ్చాడు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. నేను ఎంట్రీ కొట్టాను. స్క్రీన్ మీద పచ్చ రంగులో "సేవ్డ్" అని వచ్చింది, ఆ మెసేజ్ పెట్టింది నేనే.

"రాసుకున్నావా మనవడా?"

"రాసేశాను తాతా."

ఆయన కండువా భుజాన వేసుకుని మెట్లు దిగుతుండగా గాలికి ఎక్కడో తీగలు తగులుకున్నట్టున్నాయి, కరెంటు పోయింది. కంప్యూటర్ యూపీఎస్‌కి తగిలించి ఉంది కాబట్టి నేను కంగారు పడలేదు. స్క్రీన్ నల్లబడ్డాక మావయ్య చెప్పాడు, యూపీఎస్ బ్యాటరీ రెండేళ్ల క్రితమే పోయిందని. దాన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సులా వాడుతున్నారు.

కరెంటు వచ్చింది. ప్రోగ్రామ్ తెరిస్తే ఒక ఎర్రర్: "డేటాబేస్ డిస్క్ ఇమేజ్ ఈజ్ మాల్‌ఫార్మ్‌డ్". ఈ మెసేజ్ మీరెప్పుడూ చూడకూడదని కోరుకుంటున్నాను. ముందు రోజు రాత్రి పెన్‌డ్రైవ్‌లోకి తీసిన కాపీ ఉంది. పాడైన ఫైలు మీద రికవర్ కమాండ్ నడిపితే ఆ రోజు ఎంట్రీలు చాలావరకు వచ్చాయి. చాలావరకే. తాత 18,000 అందులో లేదు.

రాత్రి కొట్టు మూసి మావయ్య డబ్బుల పెట్టె లెక్కపెట్టాడు. నా ప్రోగ్రామ్ లెక్క కంటే పెట్టెలో 31,400 ఎక్కువ ఉంది. డబ్బు ఎక్కువుంటే మంచిదేగా అనిపించవచ్చు. కాదు. అందులో ప్రతి రూపాయీ ఎవరో కట్టిన బాకీ. కట్టినవాళ్లు తీరిపోయిందనుకుంటున్నారు, మన లెక్కలో ఇంకా ఉంది. నోట్ల మీద పేర్లుండవు.

మావయ్య తిట్టలేదు. అసలేం జరిగిందో చెప్పమన్నాడు. నేను క్యాష్ అనగానే ఆయన పెట్టె వంక చూశాడు. ఆ క్యాష్ కాదని చెప్పి, ఆయనకి అర్థమయ్యేలా ఇలా చెప్పాను.

మన కొట్లో ఒక గుమాస్తా ఉన్నాడనుకో మావయ్యా. చిట్టా దూరంగా లోపలి గదిలో ఉంది. ప్రతిసారీ లేచి వెళ్లి రాయాలంటే టైమ్ పడుతుంది. అందుకని నువ్వు చెప్పింది చేతిలో చీటీ మీద గీక్కుని "సరే అయ్యా" అంటాడు. పది పోగయ్యాక ఒకేసారి లోపలికెళ్లి, ఏ పేజీకి ఏది దగ్గరో చూసుకుని రాసేస్తాడు. ఆ చీటీయే డిస్కులో ఉండే క్యాష్. అదో చిన్న మెమరీ చిప్, కరెంటు పోతే తుడిచిపెట్టుకుపోతుంది. దానికి ముందు విండోస్ దగ్గర ఇంకో చీటీ ఉంటుంది, ర్యామ్‌లో.

"మరి ముఖ్యమైన పద్దయితే?"

"అప్పుడు 'చీటీ కాదు, లోపలికెళ్లి చిట్టాలో రాసొచ్చి చెప్పు' అని ఆర్డర్ ఇస్తాం. దాన్నే ఫ్లష్ అంటారు."

"ఇస్తే రాస్తాడుగా. మరి మనోడు రాయకుండానే రాశానని ఎందుకన్నాడు?"

దీనికి జవాబు చెప్పడానికి నాకు కాసేపు పట్టింది. "నేనే అలా అనమన్నాను మావయ్యా."

అసలు విషయం ఇదే ఫ్రెండ్స్. ఆ రాత్రి దాకా డిస్కు నన్ను మోసం చేసిందనుకున్నాను. క్యాష్ ఉండటం తప్పు కాదు. పై చెక్‌బాక్స్ ఒక్కటే ఉండి, ఫ్లష్ ఆర్డర్ వచ్చినప్పుడు డిస్కు ఆ మాట వింటే, స్పీడూ ఉంటుంది, డేటా కూడా నిలుస్తుంది. నేను చేసిందేంటంటే, విండోస్ ఆ ఆర్డర్ డిస్కుదాకా పంపకుండా ఒక టిక్కుతో ఆపేశాను. ఎస్‌క్యూలైట్ అసలు ఆర్డరే అడక్కుండా ఒక లైనుతో నోరు మూయించాను. అందరి చేతా "అయిపోయింది" అనిపించి, చివరికి నేను తాతతో "రాసేశాను" అన్నాను. ఆ మాటలో డిస్కు తప్పు ఒక్క మిల్లీసెకను కూడా లేదు.

ఇంకో ప్రశ్న మిగిలింది. చివరి కొన్ని ఎంట్రీలు పోతే పోయాయి, ఫైలు మొత్తం ఎందుకు పాడైంది? కారణం వరస తప్పడం. ఎస్‌క్యూలైట్ ఒక పేజీని మార్చే ముందు ఆ పాత పేజీని జర్నల్ అనే పక్క ఫైల్లో రాసి ఫ్లష్ చేస్తుంది. తర్వాతే అసలు ఫైలు మారుస్తుంది, మళ్లీ ఫ్లష్ చేస్తుంది, చివర్లో జర్నల్ తీసేస్తుంది. మధ్యలో కరెంటు పోతే జర్నల్ చూసి వెనక్కి వెళ్లొచ్చు. ఫ్లష్‌లు తీసేస్తే విండోస్, డిస్కు వాటికి వీలైన వరసలో రాసుకుంటాయి. అసలు ఫైలు సగం మారాక, జర్నల్ ఇంకా చీటీ మీదే ఉండగా కరెంటు పోయిందనుకోండి. కొత్తదీ లేదు, పాతదీ లేదు. "చిట్టా రాయకుండా ఆవర్జా దిద్దినట్టు" అన్నాడు మావయ్య. రైట్-అహెడ్ లాగింగ్ మీద మా సిలబస్‌లో ఒక యూనిట్ ఉంది. ఆ యూనిట్ మొత్తం మావయ్య ఒక్క మాటలో చెప్పేశాడు. పెద్ద డేటాబేస్‌లన్నీ చేసేది అదే: ముందు లాగ్, అంటే చిట్టా. తర్వాత తీరిగ్గా టేబుల్స్, అంటే ఆవర్జా.

మర్నాడు ఫోన్లు మొదలుపెట్టాం. డబ్బు కట్టినవాళ్లని అడగడం తేలిక. ఒకాయన 7,500 అన్నాడు, ఇంకొకాయన 3,900. అరువుకి సరుకు తీసుకెళ్లినవాళ్లని అడగడమే కష్టం. "నిన్న మన కొట్లో ఏమైనా తీసుకున్నావా బాబాయ్?" అంటే అవతల మనిషికి అనుమానించినట్టు ఉంటుంది. మావయ్య ఇరవై ఏళ్లలో ఎవర్నీ అలా అడగలేదట. నా వల్ల ఆ రోజు ఆరుగురిని అడిగాడు. ఎవరూ కాదనలేదు, కానీ ఒకరు "ఏం, రాసుకోలేదా?" అన్నారు. మావయ్య "పిల్లోడు కొత్త" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

తాత ఇంటికి నేనే వెళ్లాను. ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. జరిగింది చెప్పి, 18,000 కట్టినట్టు కాయితం మీద రాసి, మావయ్య సంతకంతో ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "మరి నిన్న రాశానన్నావు గదా" అన్నాడు. కోపంగా కాదు. నిజంగా అర్థం కాక అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

తర్వాత వారం ఆ పాత కంప్యూటర్‌తో ఒక పరీక్ష చేశాను. ఐడియా నాది కాదు. 2005 జనవరిలో లైవ్‌జర్నల్ సైట్ ఉన్న డేటా సెంటర్‌లో కరెంటు పోయి, సైట్ పడిపోయింది. రాశామని చెప్పిన డేటా డిస్కుల్లో లేకపోవడం వాళ్లకీ ఎదురైంది. ఆ సైట్ పెట్టిన బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ డిస్కులు అబద్ధం చెప్తున్నాయో లేదో పట్టుకోవడానికి డిస్క్‌చెకర్ అనే చిన్న పెర్ల్ ప్రోగ్రామ్ రాశాడు. కిటుకు సింపుల్: సాక్షి వేరే మిషన్‌లో ఉండాలి. నేను అదే పద్ధతిలో, కంప్యూటర్‌లో ఒక నంబర్ కమిట్ అవగానే అది నా లాప్‌టాప్‌కి వెళ్లేలా చేశాను. మధ్యలో ప్లగ్ పీకి, మళ్లీ ఆన్ చేసి, రెండూ పోల్చాను. నా రెండు "మందులు" వేసినప్పుడు లాప్‌టాప్‌కి చేరిన చివరి నంబర్లు కంప్యూటర్‌లో లేవు. ఒకసారి ఫైలే తెరుచుకోలేదు. రెండూ తీసేశాక పదిసార్లు పీకాను, పదిసార్లూ అన్నీ ఉన్నాయి. పదిసార్లు పాసైతే రుజువైనట్టు కాదని తెలుసు. కానీ ముందు వారం ఒక్కసారి కూడా పీకి చూడలేదు నేను.

మరి స్పీడ్ సంగతి? ఇక్కడే నాకు ఎక్కువ సిగ్గేసింది. స్పీడ్ నిజాయితీగానే దొరికేది. బిల్లు మొత్తానికి మొదట్లో ఒక బిగిన్, చివర్లో ఒక కమిట్ పెట్టాను. ఇరవై కమిట్‌లు ఒకటయ్యాయి. సింక్రనస్ మళ్లీ ఫుల్‌లో పెట్టినా బిల్లు రెప్పపాటులో సేవ్ అవుతోంది. పైగా, లైనుకో కమిట్ పెట్టినప్పుడు మధ్యలో ఆగితే సగం బిల్లు మిగిలేది. ఇప్పుడు ఉంటే మొత్తం ఉంటుంది, లేకపోతే అసలు ఉండదు. అంటే నేను రాసిన ఐదు మార్కుల జవాబులో అటామిసిటీని కూడా నేనే చెడగొట్టుకున్నాను.

ప్రాజెక్టులు చేసేవాళ్లకి రెండు మాటలు. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ ఫ్లష్ లాగ్ ఎట్ ట్రాన్సాక్షన్ కమిట్ అనే సెట్టింగ్ 1లో ఉంటే ప్రతి కమిట్‌కీ ఫ్లష్ జరుగుతుంది. స్పీడ్ కోసం 2 లేదా 0 పెట్టమని ఎవరైనా చెప్తే, కరెంటు పోయినప్పుడు సుమారు ఒక సెకను కమిట్‌లు పోవచ్చని గుర్తుపెట్టుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ కమిట్ ఆఫ్ చేస్తే చివరి కొన్ని కమిట్‌లు పోవచ్చు కానీ డేటాబేస్ పాడవదు. ఎఫ్‌సింక్ ఆఫ్ చేస్తే మొత్తం పాడవ్వచ్చు. రెండూ స్పీడే ఇస్తాయి, కానీ రెండూ ఒకటి కాదు. చాట్ యాప్‌లో లైకుల లెక్కకైతే ఒక సెకను పోయినా ఎవరూ అడగరు. ఎస్‌ఎస్‌డీ ఉందిగా అనుకోకండి, దానిలోనూ క్యాష్ ఉంటుంది. సర్వర్లకి వాడే ఎస్‌ఎస్‌డీలు చాలావాటిలో కరెంటు పోయినా క్యాష్‌లో ఉన్నది రాసి ముగించడానికి కెపాసిటర్లు పెడతారు. మన లాప్‌టాప్‌లలో ఉండేవాటికి మామూలుగా అవి ఉండవు.

ఇప్పుడు కొట్లో యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ ఉంది. డబ్బు కట్టిన ప్రతి మనిషికీ చిన్న రసీదు ప్రింటవుతుంది, కమిట్ తిరిగొచ్చాకే. అది వాళ్ల జేబులో ఉండే సాక్షి. మావయ్య ప్రోగ్రామ్ వాడుతున్నాడు, చిట్టా కూడా రాస్తున్నాడు. మానెయ్యమని నేను మళ్లీ అనలేదు.

31,400లో ముగ్గురివి కలిపి 29,400 తేలింది. 2,000 తేలలేదు. ఎవరో కట్టారు, మాకు గుర్తులేదు, వాళ్లూ అడగలేదు. మావయ్య ఆ రోజు తారీకు కింద చిట్టాలో "ఎవరివో - 2,000" అని రాసి, ఆ నోట్లు రబ్బరు బ్యాండు వేసి విడిగా పెట్టాడు. దసరా సెలవులకి వెళ్లినప్పుడు చూశాను, ఆ కట్ట అలాగే ఉంది. ఆ పేరు నేను ఒకసారి టైప్ చేసే ఉంటాను. స్క్రీన్ మీద పచ్చగా "సేవ్డ్" అని కూడా వచ్చే ఉంటుంది.